సీతారామమ్మ గారి గట్టు ఎవరు వేశారు

1973 జూన్ 9, శనివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం నాకు విజయవాడ బస్టాండులోనే ఎదురైంది. తిరువూరుకు టికెట్టు ఇమ్మని, అక్కడి మట్టి సంఘం వాళ్ళను చూడడానికి వెళ్తున్నానని చెప్పగానే కండక్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చంద్రం గారి ఫ్రెండా?" అన్నాడు. ఔనన్నాను. "ఎంత బాగా రాశాడండీ ఆ కుర్రాడు! పుస్తకం నేనే మోసుకెళ్ళి వాళ్ళకిచ్చా," అన్నాడు. మూడు రూపాయల టికెట్టు జేబులో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆరు గంటల బస్సు ఇంకా కదలనే లేదు, నాకు కడుపుమంట మొదలైంది.

చంద్రం నా క్లాస్‌మేటు. మొన్న ఫిబ్రవరిలో తిరువూరు వెళ్ళి, వాలు చేలల్లో ఎర్రమట్టి వానకు కొట్టుకుపోకుండా కలిసికట్టుగా గట్లు వేసుకుంటున్న రైతుల గురించి కాలేజీ పత్రికకు రాసిచ్చాడు. అచ్చు కాకముందే మా తెలుగు మాస్టారు దాన్ని క్లాసులో చదివి వినిపించారు. ఒక వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ చదివారు: "తన చేతులతో తన చేలో గట్టు వేసుకున్న సీతారామమ్మ గారే ఆ నేలకు రెండో గట్టు." ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. స్నానం చేస్తూ, సైకిలు తొక్కుతూ దాన్నే అనుకునేవాణ్ణి. అలాంటిది నాకెందుకు తట్టలేదు? నేనక్కడికి వెళ్ళలేదు కాబట్టే అని తేల్చుకుని, సెలవుల్లో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. అదే చోటు, అదే మనుషులు, అంతకంటే మంచి వాక్యం.

మీరూ వెళ్ళదలచుకుంటే పొద్దుటి బస్సే మేలు. మైలవరంలో రెడ్డిగూడెం మామిడికాయల బుట్టలు పైకెక్కించడానికి చాలాసేపు ఆగుతుంది. ఆ వాసన ఎ.కొండూరు దాటేదాకా మనతోనే వస్తుంది. తొమ్మిదికి తిరువూరులో దిగి, ఇడ్లీ తిని, బస్టాండు ఎదుట ఒక షాపులో రోజుకు రూపాయి చొప్పున సైకిలు తీసుకున్నాను. షాపాయన గాలి కొడుతూ, "వినగడప దారేనా? చంద్రం బాబు కూడా ఈ సైకిలే తొక్కాడు," అన్నాడు. వేరే సైకిలు లేదా అని అడిగాను. లేదన్నాడు.

దారికి రెండు వైపులా ఎర్ర నేల, దాని మీద అక్కడక్కడా మామిడి తోటలు. కొన్ని చేలల్లో వాన నీళ్ళు కోసిన చాళ్ళు మనిషి మోకాళ్ళ లోతున ఉన్నాయి. తర్వాత గట్లు కనిపించాయి. వాలుకు అడ్డంగా, ఒక్కో చేనుకూ రెండేసి, నడుమెత్తున ఉన్నాయి. వాటి వెనక చేలల్లో అలాంటి కోత ఒక్కటీ లేదు. ఆ గట్ల దగ్గరే, బాట మీద రాళ్ళబండి ఒకటి ఆగిపోయి ఉంది. దాని ముందు బాటకు అడ్డంగా తుమ్మకంప పరిచి ఉంది. కాస్త దూరంలో వేపచెట్టు నీడన ఆరేడుగురు ఊరికే కూర్చున్నారు.

వాళ్ళలో పెద్దాయన కరీముల్లా గారు. తిరువూరులో ఆయనకు కొలిమి ఉంది. గడ్డపారలు, పలుగులు చేస్తారు. సంఘానికి పెద్ద ఆయనే. మీ చేను ఎక్కడండీ అని అడిగితే అందరూ నవ్వారు. "నాకు సెంటు భూమి కూడా లేదు బాబూ. అందుకే నన్ను పెద్దని చేశారు. ముందు ఎవరి చేలో గట్టు వెయ్యాలో చేనున్నవాడు చెబితే మిగతావాళ్ళు ఊరుకుంటారా? తలలు పగిలిపోవూ!" అన్నారు. ఇంకో నియమం కూడా ఉందట. ఎవరి చేలో గట్టు వాళ్ళు ముట్టుకోకూడదు. మిగతావాళ్ళే వెయ్యాలి. "సొంత చేలో వేసుకుంటే గట్టుకు కాళ్ళొస్తయ్యి. రోజూ జానెడు పక్కవాడి వైపు నడుస్తది," అన్నారాయన.

ఆ మాట విన్న కాసేపటికి నాకు వెలిగింది. తన చేతులతో, తన చేలో. మరి సీతారామమ్మ గారు ఎలా వేసుకున్నారని అడిగాను.

"ఆ సంగతి ఆయన్నడుగు," అని కరీముల్లా గారు కంప అవతలి వైపు చూపించారు. అక్కడ ఒకాయన మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పేరు వెంకటేశ్వర్లు. కింది చేను ఆయనది, పై చేను సీతారామమ్మ గారిది. పై చేలో గట్టుకు మధ్యన గండి ఒకటి మిగిలింది. రాళ్ళు పేర్చి దాన్ని పూడ్చకపోతే మొదటి వానకు నీళ్ళన్నీ అందులోంచే దూకి పై చేను, కింది చేను రెండూ కోసేస్తాయి. మృగశిర కార్తె నిన్ననే వచ్చింది, పడమట మబ్బు పట్టి ఉంది. రాళ్ళబండి వెళ్ళాలంటే వెంకటేశ్వర్లు గారి చేలోంచే వెళ్ళాలి. ఆయనేమో తెల్లవారుజామున కంప వేసి కూర్చున్నారు.

కంప దాటి వెళ్ళి నమస్కారం పెట్టాను. "నువ్వూ రాసేవాడివేనా?" అన్నారు. ఔనన్నాను. "అయితే కూర్చో. మాఘమాసమంతా ఆ పై చేలో తట్ట మోసిందెవరో తెలుసా? నేను, మా ఎద్దులు. ఆవిడ ఆ నెల్లాళ్ళూ అవతలోళ్ళ చేలో మోసింది. పోయినవారం మా బడి పంతులు గారు కొలిమి దగ్గర నిలబడి పుస్తకం చదివారు. తన చేతులతో వేసుకుందంట! నా పేరు లేకపోతే పోనీ. నా చేతులు కూడా ఆవిడవే అయిపోయినయ్యేంటి?"

నాకెంత సంతోషమైందో రాస్తే మీరు నన్ను మెచ్చుకోరు. మాస్టారు కళ్ళజోడు తీసి మరీ చదివిన వాక్యం తప్పు! చంద్రం వచ్చిన రోజు ఆవిడ అన్నం తెచ్చి గట్టెక్కి నిలబడిందట, చీరకు కాస్త మట్టి అంటిందట. అంతే, రాసేశాడు. నేను వెంటనే, "నేను కొత్తగా రాస్తానండీ, అంతా సరిగ్గా, నా పేరుతో," అన్నాను.

"నువ్వు రాస్తే అది నీది. ఊరంతా విన్నది ఆయనది. నాకు ఆయన రాసినదాంట్లోనే కావాలి," అన్నారు వెంకటేశ్వర్లు గారు.

అంతలో సీతారామమ్మ గారే అన్నం గంపతో వచ్చారు. నన్ను చూసి, "చంద్రం బాబు రాలేదా?" అన్నారు. అందరికీ కొత్తావకాయ కలిపిన ముద్దలు పెట్టి, ఒక ముద్ద చేత్తో పట్టుకుని ఆవిడ కంప దాకా వచ్చారు. "అన్నయ్యా, అది అబద్ధమని నాకు తెల్దా? పంతులు గారు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. ఇంకొక్క రోజు ఆ గట్టు నా చేతిదే అనిపించుకోవాలనిపించింది."

"వారం రోజులు అనిపించుకున్నావు కదమ్మా, చాల్లే," అన్నారాయన. ముద్ద మాత్రం తీసుకున్నారు. కంప తియ్యలేదు.

అప్పుడు కరీముల్లా గారు బండిలోంచి తువ్వాలులో చుట్టిన పత్రిక తెచ్చి నా ముందు పెట్టారు. "ఎవరి గట్టు వాళ్ళు వేసుకోకూడదనే కదా మన నియమం? చంద్రం బాబు చేలో గండి పడింది. ఈ బాబు పూడుస్తాడు. ఏమంటావు వెంకటేశ్వర్లూ?" వెంకటేశ్వర్లు గారు ఆలోచించి తలూపారు.

చంద్రం వాక్యాన్ని నేను బాగు చెయ్యాలి! కలం తీశాను గాని చెయ్యి రాలేదు. చివరికి ఆ పేజీ పక్కన ఖాళీలో చెమట, ఎర్రమట్టి, పొద్దు అన్నీ కలిపి ఒక పొడుగాటి వాక్యం రాసి చదివాను. వెంకటేశ్వర్లు గారు చివరిదాకా విని, "గట్టేదీ ఇందులో?" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. కొట్టేసి మళ్ళీ రాశాను: "సీతారామమ్మ గారి చేలో గట్టు వేసింది కింది చేను వెంకటేశ్వర్లు గారు, ఆయన ఎద్దులు."

"ఇంకోసారి చదువు," అన్నారాయన.

మళ్ళీ చదివాను. ఆయన లేచి, పంగలకర్రతో కంపను తనే పక్కకు ఈడ్చారు. బండి కదిలింది. నేను వాక్యం కింద నా పేరు పెట్టబోతుంటే కరీముల్లా గారు కలానికి చెయ్యి అడ్డం పెట్టారు. "ఇన్ని గట్లు చూశావు కదా, దేనిమీదైనా సంతకం ఉందా బాబూ?" అన్నారు.

సాయంత్రం దాకా రాళ్ళు అందించాను. గండి సగం పూడింది. వాన ఇంకా రాలేదు. ఇది కరీముల్లా గారి అరుగు మీద దీపం పెట్టుకుని రాస్తున్నాను. చంద్రం మీద నా అసూయ పోలేదు. తప్పైనా సరే, అతని వాక్యం ఇప్పటికీ బాగుంది. నాది సరిగ్గా ఉంది, అంతే. కాని ఇవాళ ఇంకో అసూయ కలిగింది. వీళ్ళకూ ఒకరంటే ఒకరికి బోలెడు కుళ్ళు ఉంది. దాన్నెవరూ దాచుకోలేదు. ముందుగానే ఊహించి, దానికీ ఒక నియమం కట్టుకుని, ఆ నియమంతో ఇన్ని చేలు నిలబెట్టుకున్నారు. నా కుళ్ళుతో నేను చేసింది బస్సెక్కి రావడం ఒక్కటే. మీరు వచ్చేటట్టయితే రబ్బరు చెప్పులు వేసుకుని రాకండి. తుమ్మముల్లు వాటిలోంచి సూటిగా పాదంలోకి దిగుతుంది. తోలుచెప్పులు తెచ్చుకోండి.

రేపు ఉదయం ఆరింటికి మిగిలిన రాళ్ళు వెళ్తాయి. నాకూ ఒక తట్ట ఇచ్చారు, వెంకటేశ్వర్లు గారి పక్కన. సీతారామమ్మ గారిని మాత్రం అన్నం గంపతో వచ్చినా గట్టెక్కనివ్వరట, మళ్ళీ ఎవరైనా చూసి ఆవిడే వేసిందని రాసేస్తారని.