మేనేజరు గారి కారు మీద మూడు మచ్చలు

1983 ఎండాకాలం మొదట్లో, విశాఖ రేవులో ఓడలకు సరుకెత్తే ఒక ప్రైవేటు కంపెనీ నన్ను తుప్పు నివారణ విభాగానికి జూనియర్ ఇంజనీరుగా వేసింది. విభాగమంటే ఒక రేకుల షెడ్డు. అందులో నేను, రెడ్ ఆక్సైడ్ డబ్బాలు, కొందరు ఖలాసీలు, వాళ్ళ మీద టిండాల్ అప్పలనాయుడు. ఖలాసీల పెద్దని రేవులో టిండాల్ అంటారు. హోదాలో నాకంటే చాలా మెట్లు కిందివాడు, గొంతులో జనరల్ మేనేజరు కంటే పైవాడు. అతను కంచరపాలెంలో తుమ్మితే ఫిషింగ్ హార్బరులో చేపల వేలం ఆగిపోయేదని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించినవాడూ అతనే.

మా ప్రత్యర్థి సముద్రం. దానికి జీతం అక్కర్లేదు, ఆదివారం లేదు, యూనియను లేదు. సాయంత్రం గోడకు కొట్టిన మేకు తెల్లారేసరికి ముసలిదైపోయే ఊరది. చిప్పింగ్ సుత్తితో తుప్పు పెచ్చులు రాల్చి, తీగ బ్రష్షుతో తోమి, మంచినీళ్ళతో ఉప్పు కడిగి, ఆరాక రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన రంగు వేయడం మా పని. ఒక చివర ముగించేసరికి రెండో చివర సముద్రం మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ రోజుల్లో రెండో నంబరు క్రేను కాలి మీద, అడుగున, ఆవగింజంత మచ్చ కనబడింది. సుత్తితో తట్టాను. ఆరోగ్యంగా ఉన్న ఇనుము గంటలా ఖంగుమంటుంది. ఇది జలుబు చేసిన గుమాస్తాలా మూలిగింది. క్రేను ఆపి, అక్కడ రంగు తీసి లోపల చూడాలని పైకి రాశాను.

పైన ఉన్నది వర్క్స్ మేనేజరు రామచంద్రరావు గారు. కృష్ణా జిల్లా మనిషి. ఓడ వచ్చే వారం అది. "ఆవగింజకి క్రేను ఆపమంటావ్. రేపు దోమ కుట్టిందని ఓడని వెనక్కి పంపమంటావేమోనయ్యా" అన్నారు. దాని కిందనే రోజూ మనుషులు నడుస్తారని నేను పట్టుబట్టాను. ఆయన తీర్పు చెప్పారు. ఆయన కారు మీద అలాంటి మచ్చలే మూడున్నాయి. ఆదివారం ఇంటికి వెళ్ళి వాటిని బాగుచెయ్యాలి. వాటి కింద ఏమైనా ఉంటే క్రేను ఆపుతారు. ఏమీ లేకపోతే క్రేను మచ్చ మీద రంగు పూసి పని నడిపిస్తారు, నన్ను సబ్బవరం గోడౌనుకి బస్తాలు చూసుకోవడానికి పంపుతారు. సబ్బవరంలో ఉప్పుగాలి కూడా సరిగా తగలదు. నా వృత్తికి అది వానప్రస్థం. కారుకీ క్రేనుకీ ఏం సంబంధమని అడిగే హోదా నాది కాదు.

చినవాల్తేరులో ఆయన ఇంటి వెనక గోడ దాటితే సముద్రమే. ముందు వరండా పక్కన మీగడరంగు అంబాసిడర్. అంత మెరిసే వస్తువును నేను అంతకుముందు చూడలేదు. చూస్తే చెప్పులు విడవాలనిపించింది. రోజూ ఉదయం ఆయనే స్వయంగా పెరటి బావిలో నీళ్ళు తోడి, దానికి స్నానం చేయించి, మైనం పూసి, పాత పంచెతో తుడిచేవారు. ఆ బానెట్టులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

సాయానికి వెంట తెచ్చుకున్న అప్పలనాయుడు కారు చుట్టూ తిరిగి చిప్పింగ్ సుత్తి తీశాడు. "ఏటి సార్, ఈ మూడు సుక్కలకి నన్ను రప్పించినారా? ఓడల అడుగులు గీకినోడిని నాను. రెండు దెబ్బలు."

లోపలినుంచి మేనేజరు గారి భార్య సుశీలమ్మ గారు కాఫీ పట్టుకొచ్చారు. "అప్పలనాయుడూ, ఆ సుత్తి అరుగు మీద పెట్టు. కాఫీ తాగాక కూడా అది అక్కడే ఉండాలి." రేవులో అతని గొంతు తగ్గించినవాళ్ళు లేరు. సుత్తి అరుగెక్కింది.

మొదటి మచ్చ బానెట్టు మీద. నీళ్ళలో నానబెట్టిన సన్నరకం ఉప్పుకాగితంతో నెమ్మదిగా రుద్దాను. రంగు పొర సగమైనా అరగకుండానే మచ్చ మాయమైంది. కింద నిక్షేపంలాంటి రంగు. ఆఫీసులో కారు ఆగేది వర్క్‌షాపు పక్కన. అక్కడ ఇనుము అరగదీసేటప్పుడు ఎగిరే రజను రంగుకు అతుక్కుని తుప్పు పట్టేది. అంటే తుప్పు కారుది కాదు, గాలిలో వచ్చిన చుట్టానిది. టాపు మీది రెండో మచ్చా అంతే.

మేనేజరు గారు వరండాలో కుర్చీలో వెనక్కి వాలారు. "సబ్బవరంలో మావిడితోటలు బాగుంటాయటయ్యా."

మూడోది డ్రైవరు వైపు డోరు అడుగు అంచున. వేలి కణుపుతో తట్టాను. జలుబు చేసిన గుమాస్తా. రుద్దాను. ఆవగింజ శనగగింజైంది, శనగగింజ గారె అయింది, గారె అప్పడమైంది. రంగు కింద తుప్పు ఒక సామ్రాజ్యం ఏర్పాటు చేసుకుంది. బయటికి కనబడిన చుక్క దాని జెండా మాత్రమే. అప్పలనాయుడు బొటనవేలు దాని మీద ఆనించాడు. వేలు లోపలికి వెళ్ళిపోయింది.

"నాను నొక్కనేదు సార్. అదే లాగేసింది."

వేలు తీయగానే ఎర్రటి నీళ్ళు ధార కట్టాయి. వాన చుక్క చూసి నెలలైన ఊళ్ళో కారు డోరులోంచి నీళ్ళు. అతను చుక్క నాలిక మీద వేసుకుని, "ఉప్పు" అన్నాడు.

"పెరటి బావి ఉప్పేగా. పప్పు ఉడకదని నేను కుళాయి నీళ్ళు పట్టుకుంటాను" అన్నారు సుశీలమ్మ గారు.

వంగి డోరు అడుగు చూశాను. అద్దం పక్కనుంచి దిగిన నీళ్ళు పోవడానికి అక్కడ చిన్న కన్నాలుంటాయి. అవి లప్పంతో మూసి ఉన్నాయి. ఎంత నున్నగా మూశారంటే, ముద్దొచ్చింది. సముద్రపు గాలి లోపలికి దూరకూడదని తానే మూశానని మేనేజరు గారు చెప్పారు. పైన రోజూ ఉప్పునీటి స్నానం, కింద తలుపులు బంద్. పై రంగుకు గీత కూడా పడకుండా, లోపల అంత ఇనుమునీ తినేసింది సముద్రం.

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి ఆ ధారను చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "క్రేను కాళ్ళకి కూడా అడుగున కన్నాలుంటాయి కదయ్యా?"

ఉండేవన్నాను. ఖనిజం దుమ్ము దూరుతోందని కిందటేడు వాటి మీద రేకులు వెల్డింగు చేయించారన్నాను. ఎవరు చేయించారో చెప్పలేదు. ఆయన లేచి లోపలికి వెళ్ళి ఫోను తిప్పారు. రెండో నంబరు క్రేను అప్పటికప్పుడు ఆగింది.

మేం డోరు పని పూర్తి చేశాం. కుళ్ళిన రేకు కత్తిరించి, మెరిసే ఇనుము తగిలేదాకా గీకి, కుళాయి నీళ్ళతో ఉప్పు కడిగి, ఎండబెట్టి, కొత్త రేకుముక్క రివెట్లతో బిగించి, రెడ్ ఆక్సైడ్, లప్పం, మళ్ళీ ఉప్పుకాగితం, రంగు. కన్నాలు తెరిచాం. మీగడరంగు మాత్రం కలవలేదు. మశూచి టీకా మచ్చలా మిగిలింది. మళ్ళీ వేస్తానంటే ఆయన వద్దన్నారు.

సోమవారం క్రేను కాలికి అడుగున వేసిన రేకు కోశారు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ఎర్రగా, చిక్కగా. వెనకే తుప్పు తాటాకుల్లా పొరలుపొరలుగా జారింది. పైన నిగనిగలాడే రంగు, దాని వెనక కాగితమంత ఇనుము. అంత ఎత్తు క్రేను ఆ కాగితం మీద నిలబడి ఓడలు నింపుతోంది. రేవు రేవంతా గుమిగూడింది. అప్పలనాయుడు పక్క ఖలాసీతో, రేవులో ఎవరూ వినని చిన్న గొంతుతో అన్నాడు.

"బావా, దీని నీడలోనే కదేటి రోజూ సద్ది తింతన్నాం."

మేనేజరు గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. సబ్బవరం ఊసు మళ్ళీ ఎత్తలేదు. కొత్త కాలికి నక్షా వచ్చినప్పుడు అడుగు కన్నాల చుట్టూ ఆయనే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు.

తర్వాత నా సర్వీసంతా ఏ ఇనుప వస్తువును తనిఖీ చేసినా రంగు ఆఖరున చూశాను. ముందు వంగి, అడుగున కన్నం తెరిచి ఉందో లేదో చూసేవాణ్ణి. విశాఖలో సముద్రం లోపలికి రాకుండా ఆపడం కుదరదు. బయటికి పోయే దారి ఉంచడమే మన చేతిలో ఉన్న పని.