సున్నాతో మొదలయ్యే కుక్క

నేను గీసిన మొదటి కుక్కను చూసి ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇదేం కుక్కే తల్లీ, మెడలో గంట కడితే మేక!" అంది. నాకు ఒళ్లు మండింది. కాగితం ఉండచుట్టి విసిరేస్తే అసలు కుక్క పరుగున పోయి, నోట కరుచుకొచ్చి మళ్లీ నా ఒళ్లోనే పడేసింది.

తార్నాకలో ఆంటీవాళ్ల మేడమీది గదిలో అద్దెకుండి యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుకునేదాన్ని. మాది వరంగల్ వైపు, వ్యవసాయ కుటుంబం. ఆంటీది గుంటూరు వైపు. డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. ఒంటరి మనిషి, ఒక ఊరకుక్క, ఆదివారం చర్చి, అంతే ఆవిడ లోకం. అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. క్యాంపస్‌లో క్లాసులకంటే ఊరేగింపులే ఎక్కువ.

బ్యానర్లూ గోడరాతలూ అన్నీ మా సీనియర్ ఒకాయన రాసేవాడు. తన బ్రష్ ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. మాట తప్పిన ఒక నాయకుడి దిష్టిబొమ్మకు కుక్క తల పెట్టి తగలబెడదామనుకున్నప్పుడు మాత్రం చేతులెత్తేశాడు. "అక్షరాలైతే ఎన్నంటే అన్ని రాస్త. కుక్కను గీసుడు నాతోని కాదు" అన్నాడు. "నేను గీస్త అన్నా" అన్నాను. తిన్నగా గీత గియ్యడం కూడా రాదు నాకు. నోటి దురుసు, ఇంకేముంది!

ఆ వారంలోనే ఆంటీ ప్రహరీగోడ మీద ఎవరో నల్లరంగుతో "ఆంధ్రా గో బ్యాక్" అని రాసిపోయారు. పొద్దున్నే చూశాను. ఉద్యమం నాది, గోడ ఆంటీది. ఎవరి మీద కేకలెయ్యను? ఆంటీ పాలగిన్నె పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆంధ్రాలో సున్నా మాత్రం బాగా తిప్పాడు. ఒక్క చుట్టులో, అతుకు లేకుండా" అని లోపలికి పోయింది. నోరారా తిట్టదేం ఈవిడ అని నాకు ఆవిడ మీదే కోపమొచ్చింది.

సాయంత్రం గుంటూరు నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి, ఇల్లమ్మేసి వచ్చెయ్యమంది. ఆ మాటెత్తితే ఎప్పుడూ కసురుకునే ఆంటీ, ఆ రోజు మాత్రం "చూస్తాలేవే" అంది. ఆవిడ వెళ్లిపోతే నాకు హైదరాబాదులో మనిషంటూ ఉండదు. పైగా ఆవిణ్ని వెళ్లగొట్టింది మావాళ్లే అవుతారు.

నా మొదటి కుక్కను చూసి నవ్వడం అయ్యాక, ఆంటీకి కుక్క తల ఎందుకో ఉన్నదంతా చెప్పాను. "ఆ పెద్దమనిషికా? ఓటేసినదాన్ని, నాకు మాత్రం మండదా! నేర్పుతాను. కానీ ఎదురుగా ఉన్న కుక్కను ఉన్నదున్నట్టు గియ్యాలి. నా దగ్గర ఇంకో రకం రాదు" అని ముందే చెప్పేసింది.

మొదట సున్నా. దాని మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి లేత గీతలు. అవి కలిసే చోటికి కాస్త కిందగా మూతి, అగ్గిపెట్టె అతికించినట్టు. నేను కళ్లు మరీ పైన పెట్టేదాన్ని. "దానికీ నీలాగే కళ్లు నెత్తికెక్కాయేం? దించు" అనేది. చెవులు కొమ్ముల్లా నిలబెడితే, నా వేళ్లు పట్టుకుని కుక్క తలంతా తడిమించింది. చెవి నడినెత్తి మీంచి కాదు, పక్కనుంచి వస్తుందని అప్పుడు తెలిసింది. దాని ఎడమచెవి మడతపడి ఉంటుందని, రోజూ పక్కన కూర్చుని కూడా నేను చూడనేలేదు. చివరికి కంట్లో చిన్న చుక్క తెల్లగా వదిలెయ్యమంది. వదిలానో లేదో, కాగితంలోంచి కుక్క నన్ను చూసింది. అబ్బ, ఏం టీచరండీ! ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. "చాల్లే సంబడం" అంది.

అట్టమీద పెద్దగా గీసి పట్టుకెళ్లాను. గడ్డిబొమ్మకు చొక్కా తొడిగి తల కట్టారు. నినాదాలు మిన్నంటాయి. సీనియర్ అగ్గిపుల్ల గీసి దగ్గరికెళ్లి ఆగిపోయాడు. వేళ్లు చురుక్కుమనేదాకా అలాగే నిలబడి పుల్ల పారేశాడు.

"గిదేంది చెల్లే, గిట్ల చూస్తున్నది? అన్నం పెడ్తవా అని అడిగినట్టున్నది. దీన్నెట్ల కాలబెడ్త?"

"పాపం రా, ఇడిసిపెట్టుండ్రి" అన్నారెవరో వెనకనుంచి. గుంపంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. సీనియరే తాడు విప్పి కుక్క తల నా చేతికిచ్చాడు. దాని స్థానంలో కుండ బోర్లించి బొమ్మను తగలబెట్టాడు. తర్వాత నా పక్కకొచ్చి "ఎవరు నేర్పిన్రు?" అని అడిగాడు.

"మా ఓనర్ ఆంటీ. గుంటూరామె."

నా చేతిలోని కుక్క తల వంక మళ్లీ చూశాడు. "నాక్కూడ నేర్పుతదా?" అన్నాడు.

మర్నాడు తీసుకొచ్చాను. మా వీధి మలుపు తిరగగానే ఆయన నడక మందగించింది. గేటు దగ్గర తల దించుకుని లోపలికొచ్చాడు. కొత్త కదా, మొహమాటం అనుకున్నాను. ఆంటీ కాగితం ఇచ్చి "సున్నా చుట్టు బాబూ" అంది. చుట్టాడు. ఒక్క చుట్టులో, అతుకు లేకుండా.

ఆంటీ కాగితం వంక చూసింది. గోడ వంక చూసింది.

"మా గోడ మీది సున్నా నీదేనా?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నాదే ఆంటీ. ఎవరుంటరో కూడ తెల్వకుంట రాసిన. ఇప్పుడే పోయి సున్నం తెచ్చి కొట్టేస్త."

"కూర్చో. చెయ్యి మంచిది, పాడుచేసుకోకు. ముందు దీనికి మూతి పెట్టు."

ఆ నిమిషంలో ఆవిడంటే నాకు కలిగిన గౌరవం ఇవాళ్టికీ వెంట్రుకవాసి తగ్గలేదు.

మూతి పెట్టాక ఆయన సున్నం తెచ్చాడు. వరండాలోంచి ఆంటీ "సున్నా ఉంచు" అని కేకేసింది. అక్షరాలన్నీ పోయి గోడమీద ఒక్క సున్నా మిగిలింది. దానికి ఆయన మూతి గీశాడు. గీసి, తన బ్రష్ నా చేతికిచ్చాడు. చెవులు నేను పెట్టాను, మడతచెవితో సహా. కన్ను మాత్రం ఆంటీయే వచ్చి దిద్దింది.

రంగు ఆరకముందే చెల్లెలి ఫోన్. ఆంటీ మాట్లాడుతుంటే నేను తలుపు పక్కనే నిలబడ్డాను.

"ఇప్పుడెక్కడొస్తానే! ఇద్దరు పిల్లలకు కుక్కే అయింది. ఇంకా గుర్రం మొదలుపెట్టనేలేదు" అంది ఆంటీ.