బాప్తిస్మపు తొట్టిలో చేప

ఇంద్రేశంలో కొత్త ఇంట్లోకి మారినప్పుడు హాల్లో ఒక గోడ ఖాళీగా మిగిలింది. అక్కడ అద్దాల షోకేసు పెడదామంది నా భార్య. నేను అక్వేరియం పెడదామన్నాను. నీళ్లంటే నాకెంత భయమో తెలిసిన మనిషి కాబట్టి ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "నీళ్లు అద్దం అవతల ఉంటయి గద, తెచ్చుకోండ్రి" అంది.

చిన్నప్పుడు వ్యవసాయ బావిలో పడ్డాను. ఎవరో జుట్టు పట్టి లాగారు. అప్పటి నుంచి నాకు స్నానం కూడా చెంబుతోనే, షవరు కింద నిలబడలేను. ఈ భయం వల్ల స్నానాల గదిలో కన్నా మందిరంలో ఎక్కువ ఇబ్బంది పడ్డాను. నేను పెరిగిన సంఘంలో పసిపిల్లల తల మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. పెళ్లయ్యాక నేను చేరిన నా భార్య వాళ్ల సంఘంలో మనిషిని నిలువునా ముంచి తీస్తేనే లెక్క. అలా ముంచనివాడికి ప్రభువు బల్లలో, అంటే మందిరంలో పంచే రొట్టె, ద్రాక్షరసాల్లో, వాటా లేదు. నేను పాటలకు డోలక్ వాయిస్తాను, సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాను, ఏ వాక్యం ఏ అధ్యాయంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా నెలకోసారి రొట్టె పళ్లెం నా ఒడి మీదుగా పక్కాయన చేతికి వెళ్లిపోతుంది. చిలకరింపే చాలునని వచనాలు చూపించి గంటసేపు వాదించగలను కూడా. పాస్టరయ్యగారు ఓపికగా వినేవారు. నా భార్య మాత్రం వినేది కాదు. "వచనాలు ఉండనియ్యండ్రి. భయం అయితున్నదని చెప్పరాదు?" అనేది. నన్ను ఆ బల్ల దగ్గర చూడాలన్నది ఆమె ఎన్నో ఏళ్ల ప్రార్థన.

పటాన్‌చెరులోని ఒక చేపల దుకాణంలో వేలెడంత చేపలు రెండు కొన్నాను. వెండి రంగు ఒళ్లు, నిక్కిన వీపు రెక్క. దుకాణంలో వాటిని షార్కులంటారు. ఎంత పెద్దవవుతాయని అడిగాను.

"తొట్టి ఎంత ఉంటే గంతనే, సార్. తొట్టిని సూసుకొని ఆగిపోతయి" అన్నాడు దుకాణాయన.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. సృష్టికర్త దేని హద్దు దానికి తెలియజేశాడు కదా అనుకున్నాను. ఆ ఆదివారమే పిల్లలకు సంతృప్తి మీద పాఠం చెప్పాను: చేప తన తొట్టిని చూసుకుని ఆగిపోతుంది, మనమేమో ఉన్న ఇల్లు చాలక ఇంకో అంతస్తు వేస్తాం. పాస్టరయ్యగారికి కూడా నచ్చి, మరుసటి వారం ప్రసంగంలో వాడుకున్నారు.

వారం తిరక్కుండానే ఒక చేప చచ్చిపోయింది. నేను మేత మరీ ఎక్కువ వేశానట. రెండోది మాత్రం నా పాఠం వినలేదు. దసరాకు జానెడైంది, క్రిస్మస్‌కు మూరెడు. వేసవి వచ్చేసరికి అటు నుంచి ఇటు తిరగాలంటే తోక మడవాల్సి వచ్చేది. వంటింట్లో మిక్సీ వేస్తే బెదిరి అద్దానికి మూతి గుద్దుకునేది. పచ్చడి రుబ్బే ముందు నా భార్య హాల్లోకి వచ్చి దానికి చెప్పి వెళ్లడం మొదలుపెట్టింది.

"మీ సంతృప్తికి మూతి పగులుతున్నది" అని నాకూ చెప్పేది.

నీళ్లు మార్చడం ఇంకో పని. మునిసిపాలిటీ నీళ్లలో బ్లీచింగ్ వాసన పోయేదాకా డ్రమ్ములో ఉంచి, మగ్గుతో తోడి పోసేవాణ్ణి. తెల్లారేసరికి మళ్లీ మబ్బు కమ్మినట్టుండేది. దుకాణాయన వెనక్కి తీసుకోనన్నాడు. దగ్గరి చెరువులో వదులుదామంటే ఆ నీళ్లలో ఫ్యాక్టరీల నురగ. చివరికి కంది ఊళ్లో పొలం ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

"గది పంగాస్ చాప బావా. హోటల్ల అపోలో ఫిష్ అని తింటవే, గదే. తీస్కరా, మస్తుగ ఉంటది" అన్నాడు.

"తినడానికి కాదురా, పెంచడానికి."

"ఓహో, పెంచుడా. గట్లయితే మా కుంటల ఏస్త. గని ఇప్పుడు కుంటల బురదే ఉంది. వానలు పడనియ్యి."

వానలు పడేదాకా ఎక్కడ? మార్గం పాస్టరయ్యగారే చూపారు. మా మందిరం రేకుల షెడ్డు. వేదిక కింద సిమెంటు తొట్టి ఉంది, మీద చెక్కలు మూసి ఉంటాయి. చెరువులో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు వారం రోజులు గోక్కుంటున్నారని సంఘమంతా కలిసి కట్టుకున్న తొట్టి అది. "బాప్తిస్మాలు ఇప్పట్ల లేవు, బ్రదర్. ఖాళీగనే ఉంది, పెట్టుకోండి" అన్నారాయన.

అలా మా చేప మందిరంలో చేరింది. రోజూ డ్యూటీ దిగి మేత వేయడానికి వెళ్లేవాణ్ణి. చెక్క తీసి మెట్టు మీద కూర్చుంటే, నా చెయ్యి నీళ్లకు తగలగానే వచ్చేది. వారంలో ఏడు రోజులూ మందిరంలో కనిపించే విశ్వాసినని నాకు పేరొచ్చింది. ఆదివారం ప్రసంగం మధ్యలో వేదిక కింద దబ్బుమని చప్పుడైతే, వెనక వరుస ముసలమ్మలు ఆమెన్ అనేవారు.

వానలు పడ్డాయి. కుంట నిండింది. సరిగ్గా అప్పుడే ఇద్దరు బాప్తిస్మం అడిగారు. ఆదివారానికి తొట్టి కడిగి కొత్త నీళ్లు నింపాలి. శనివారం బామ్మర్ది ట్రాలీ ఆటోలో నీలం డ్రమ్ము వేసుకొచ్చాడు. మోటారు పెట్టి నీళ్లు తోడబోయాం. ఆ చప్పుడుకు చేప పిచ్చిపట్టినట్టు గరుకు సిమెంటుకు కొట్టుకోసాగింది. మూతి దగ్గర ఎర్రగా కనబడింది. మోటారు ఆపించాను.

"దిగి పట్టాలె బావా" అన్నాడు బామ్మర్ది.

"దిగరా మరి."

"నేను దిగ. దాని రెక్కకు ముల్లుంటది, గుచ్చితే చెయ్యి ఇంత వాస్తది. నువ్వైతే దానికి అలవాటైనోనివి."

పాస్టరయ్యగారు పొద్దున ఇస్త్రీ చేసిన తమ చొక్కా వంక చూసుకున్నారు. నా భార్య సంచిలోంచి పాత చీర తీసి నా చేతికిచ్చింది.

మొదటి మెట్టు. మోకాళ్లు. నడుము. నీళ్లు ఛాతీకి వచ్చేసరికి దేవుడి పేరు తప్ప ఒక్క వచనం కూడా గుర్తు లేదు. చెయ్యి కదిలించాను. ఎప్పటిలాగే మేత వేస్తానని వచ్చింది, నా పొట్టకు మూతి ఆనించి ఆగింది. చీర కిందికి పోనిచ్చాను.

అప్పుడు గట్టు మీంచి పాస్టరయ్యగారు మెల్లగా అన్నారు: "బ్రదర్, ఎట్లాగూ దిగిండ్రు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఒక్క నిమిషం పని."

చేతుల్లో చేప, ఛాతీ దాకా నీళ్లు. నేను నా భార్య వైపు చూశాను. ఆమె సరేనంటే కాదనే ధైర్యం నాకు లేదు. అది ఆమెకూ తెలుసు.

"వద్దు అయ్యగారూ" అంది. "ఆయన చాప కోసం దిగిండు. దేవుని కోసం దిగినప్పుడు ముంచుండ్రి."

బామ్మర్ది డ్రమ్ము వంచాడు. చీరతో సహా చేపను అందులో వేశాం. ట్రాలీ ఆటో గేటు దాటి వెళ్లిపోయింది. ఖాళీ చేతులతో నేను ఇంకా నీళ్లలోనే ఉన్నాను. ఎవరూ పైకి రమ్మనలేదు, నాకూ తొందర అనిపించలేదు.

"అయ్యగారూ, రేపు ఇద్దరేనా?" అన్నాను.

"ఇద్దరే."

"ముగ్గురని రాసుకోండి."

నా భార్య కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. మాట మాత్రం స్పష్టంగా వినబడింది: "రేపు చాప ఉండది మరి. యాదికుంచుకోండ్రి."

మర్నాడు చేప లేదు. రెండో మెట్టు మీదే ఆగిపోయాను. సంఘం పాటను మొదటి చరణం నుంచి మళ్లీ ఎత్తుకుంది. అది అయ్యాక ఇంకోసారి ఎత్తుకుంది. పాస్టరయ్యగారు నీళ్లలో నిలబడి చెయ్యి చాపారు, తొందరపెట్టలేదు. మూడోసారి పల్లవి దగ్గర ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా ముక్కు మూసి వెనక్కి వంచి ముంచారు. పైకి లేచాక స్తుతి చెల్లిద్దామని నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. సంఘమంతా దాన్నే సాక్ష్యం కింద తీసుకుని ఆమెన్ అన్నది.