ఎడమ చెయ్యి వెనక్కి

మొన్న టెక్కలిలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్న నా మనవరాలు ఇంటికి వచ్చి, మూలపేట రేవు పనుల్లో ఉద్యోగానికి పిలిచారనీ, అక్కడ మోటారుకి తన చేత్తో వైర్లు కలిపి నడిపించి చూపాలనీ, తానేమో ఆ పని కంప్యూటరు తెర మీద తప్ప ఎన్నడూ చేయలేదనీ చెబితే, నాకు కోపం వచ్చిందో భయం వేసిందో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. తెర మీద మోటారేమిటండీ! తెర మీద ఈత నేర్చినవాణ్ణి మన ఉద్దానం తీరంలో ఎవడైనా పడవెక్కించుకుంటాడా?

బడి చదువు లేకపోయినా పాత పుస్తకాలు కూడబలుక్కుని చదివి కరెంటు పని నేర్చిన నన్ను, పలాస జీడిపప్పు మిల్లు నుంచి తీసుకుపోయి ఒక కాలేజీ లేబొరేటరీలో అటెండరుగా పెట్టారు. అక్కడి మేష్టారిది ఒకటే పట్టు: స్విచ్చి మీద కుడి చెయ్యి పడేముందు ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోవాలి, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది గనక. మరిచినవాడు ఆ పూటకి గుమ్మం బయటే. కుర్రాళ్ళు "ఏటి బావా, వీపు దురదేటి?" అని ఒకరినొకరు ఎకసెక్కాలాడేవారు గానీ, చెయ్యి మాత్రం వెనక్కే పోయేది. మోటారు గుర్రుమన్నప్పుడు వాళ్ళ కళ్ళలో మెరిసిన బెరుకూ సంబరమూ, ఆ వేడెక్కిన వార్నిషు వాసనా నన్ను ఇంకా వదల్లేదు.

సరే, మనవరాలిని మా జీడితోటలో బోరు దగ్గరికి తీసుకుపోయి, మెయిను తీసేసి, వైర్లన్నీ విప్పి ఇచ్చాను. ఒక్కొక్కటే సరిచూసుకుంటూ కలిపింది. మెయిను పెట్టి నేను స్విచ్చి వేస్తే మోటారు తిరిగింది, నీళ్ళు రాలేదు.

"అయ్యో తాతా, ఎనక్కి తిరుగుతంది!" అని నవ్వి, కరెంటు తీసి రెండు వైర్లు అటూ ఇటూ మార్చింది. అలా మారిస్తే దిశ ఎందుకు మారుతుందో కూడా చెప్పింది. ఇన్నేళ్ళూ మార్చడమే తెలిసిన నాకు అది సగమే అర్థమయింది. ఈసారి తానే స్విచ్చి వేయబోతుంటే, ఆమె ఎడమ చెయ్యి తనంతట తానే వీపు వెనక్కి పోయింది.

"ఎవులు నేర్పినారే నీకిది?"

"ఎవులేటి, నువ్వు సిచ్చేసినప్పుడల్లా సూత్తన్నాను కదా!"

నీళ్ళు వచ్చాయి. ఇవాళ పొద్దున్నే మూలపేట బస్సెక్కింది. నేను తిట్టిన తెర ఆమెకు ఎంతో నేర్పింది, నేను నేర్పాననుకోనిది ఆమె నేర్చేసుకుంది. ఇక ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు. ఆ లేబొరేటరీ మోటార్లకి ఇప్పుడు గుడ్డలు కప్పి ఉంచారట, మేష్టారు ఏనాడో పోయారు. మా ఈడువాళ్ళం కూడా వెళ్ళిపోయాక, ఇలాంటి పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఎవరి ఎడమ చెయ్యి మిగులుతుంది?