బుగ్గల తుపాకీకి కొత్త ట్రిగ్గరు

వేములవాడ శివరాత్రి జాతరలో బుగ్గలు, అంటే బెలూన్లు, కొట్టే తుపాకీ దుకాణం పెట్టాలని మా ఆయనకు ఆలోచన వచ్చేనాటికి ఆయన పని మానేసి ఏడు నెలలు దాటింది. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఒకరోజు నడుస్తున్న సాంచాలోంచి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరివచ్చి ఆయన కుడిచేతి వేళ్ల మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ చూపుడువేలికి స్పర్శ పోయింది. తెగిన పోగును చేతితో పట్టుకోలేని మనిషికి సాంచా మీద పని లేదు. మహారాష్ట్రలోని భివండి పోయి మూటలు మోస్తానని రోజూ అనేవాడు. అట్లా పోయినవాళ్లు నడుములు పడిపోయి తిరిగిరావడం నేను చూశాను.

జాతరలు తిరిగే ఒక ముసలాయన దగ్గర పాత గాలి తుపాకీ దొరికింది. గొట్టాన్ని మధ్యకు వంచితే లోపలి స్ప్రింగు వెనక్కి పోయి ఒక కొక్కేనికి తగులుకుంటుంది. ఛర్రా అనే చిన్న సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి, ట్రిగ్గరు నొక్కితే కొక్కెం జారి స్ప్రింగు ముందుకు దూకుతుంది. ఆ గాలికి ఛర్రా పోతుంది. అయితే ఆ ట్రిగ్గరు ఎంత మొండిదంటే, నిండు బొక్కెనను బావిలోంచి లాగినంత బలం పెట్టాలి. అంత గట్టిగా లాగితే తుపాకీ మొత్తం కదిలి ఛర్రా ఎటో పోయేది. వేరే దుకాణాల వాళ్లకు అదే కావాలి, బుగ్గలు మిగులుతాయి. మా ఆయన ఆలోచన వేరు.

"బుగ్గ పగిలిన సప్పుడింటెనే జనం నిలవడ్తరే. గురి తప్పినోడు మళ్ల రాడు," అనేవాడు.

కరీంనగర్‌లో తుపాకులు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి పోయి వేరే ట్రిగ్గరు తెచ్చాడు. కంపెనీది కాదు, మేస్త్రీ తన చేత్తో అరగదీసి చేసినది. దానికి రెండు చిన్న స్క్రూలున్నాయి. ఒకటి కొక్కెం ఎంత లోతుగా పట్టాలో చూసేది. ఇంకొకటి ట్రిగ్గరు ఎంత దూరం నడవాలో చూసేది. ఏది దేనికో మేస్త్రీ చెప్పాడట. బస్సు సిరిసిల్ల చేరేలోపల ఈయన మరిచిపోయాడు.

"రెండే గదనే, తిప్పి సూస్తె తెలుస్తది," అంటూ ఎడమచేత్తో ఎట్లాగో దాన్ని బిగించాడు. రెండుసార్లు నొక్కి చూసి ఊరుకున్నాడు. "నా వేలికేం తెలుస్తలేదు. నువ్వే సూడు," అని స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.

నేను కండెలు చుట్టేదాన్ని. రాట్నం తిరుగుతుంటే పోగు రెండువేళ్ల మధ్య నుంచి జారుతూ పోతుంది. తెగబోయే ముందు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. అప్పుడు చెయ్యి వదులు చేస్తే తెగదు. నాకు తెలిసిన విద్య అదే. అక్షరాలు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. స్క్రూ ఎంత తిప్పానో రాసిపెట్టుకోలేను కనుక తిలకం సీసా తెచ్చుకున్నాను. స్క్రూ తలల మీద ఒక్కో చుక్క, వాటికి ఎదురుగా ఇనుము మీద ఒక్కో చుక్క పెట్టాను.

మా అత్త చూసింది. "తుపాకికి బొట్టు వెట్టినవా పిల్లా? ఇగ గాజులు గూడ ఎయ్యి."

"గురి కుదిరితె చీర గూడ కడ్త అత్తా."

మధ్యాహ్నం పెరట్లో చిత్తు నూలు మూటను గోడకు ఆనించి మొదలుపెట్టాం. ఆయన గొట్టం వంచుతాడు, నేను ఛర్రా పెడతాను. ముందున్న స్క్రూను అరచుట్టు తిప్పాను. గొట్టం మూశానో లేదో, ట్రిగ్గరు మీద వేలైనా పెట్టకముందే తుపాకీ పేలింది. ఛర్రా పోయి నీళ్లు నింపే మట్టి గోలేనికి తగిలి పెంకు లేచింది.

"జాతరల బుగ్గలు కొట్టుర్రంటె ఇంట్ల గోలాలు కొడ్తున్నరేందే!" అని అత్త అరిచింది.

నాకు నవ్వు రాలేదు. కిందటేడు ఒక జాతరలో బల్ల మీద పెట్టిన తుపాకీ తనంతట తానే పేలి ఒకాయన చెంప చీరింది. అందుకని ఈసారి పోలీసు జమేదారు ప్రతి తుపాకీనీ ఎక్కుపెట్టి, భుజానికి ఆనించే దాని మడమను రాతిమీద దంచి చూస్తాడని విన్నాం. పేలితే దుకాణం లేదు. దుకాణం లేకపోతే భివండి.

ముందు స్క్రూను పావుచుట్టు వెనక్కి తిప్పితే మళ్లీ బొక్కెన బరువు. కొంచెం ముందుకు తిప్పితే భయం. వెనక స్క్రూను ముట్టుకుంటే కుదిరిందనుకున్న ముందుది కూడా మారిపోయేది. రెండోరోజు విసుగొచ్చి, తుపాకీ ఎక్కుపెట్టి ఉండగా ట్రిగ్గరు పక్కనున్న సన్నని సందులోంచి లోపలికి టార్చి వేసి చూశాను. చూసి అట్లాగే కూర్చుండిపోయాను. ఆయన ఛాతీ బలమంతా పెట్టి వంచితే గానీ లొంగని స్ప్రింగు, గోటి అంచంత వెడల్పు కూడా లేని ఇనుము మీద ఆగి ఉంది. ఇనుము అంచు ఇంకో ఇనుము అంచును పట్టుకుంది, అంతే. అంత బలాన్ని అంత చిన్నది ఎట్లా ఆపుతుంది? ఊపిరి వదిలితే జారుతుందేమోనని టార్చి ఆర్పేదాకా ఊపిరి బిగబట్టాను.

ఆ తర్వాత బలంతో పని చేయలేదు. స్క్రూను తిప్పడం కూడా కాదు, పోగును తాకినట్టు తాకడమే. మూడోరోజు పొద్దు వాలకముందు, వెనక స్క్రూ తల మీది చుక్క వెంట్రుకంత జరిగింది. వేలు ఆనించాను. గోడలా నిలిచింది, కదల్లేదు. కొద్దిగా బరువు పెంచాను. పోగు బిగుసుకున్నట్టు వేలికి తెలిసింది. ఎప్పుడు వదిలిందో తెలియలేదు. నూలు మూట ఉలిక్కిపడ్డది. నేనూ ఉలిక్కిపడ్డాను. నేను నొక్కానా, దానంతటదే పోయిందా? కాదు, నేనే. తలుచుకున్నంతలో పోయింది. మళ్లీ మళ్లీ కొట్టాను. ప్రతిసారీ అదే ఆశ్చర్యం.

కొన్ని దెబ్బల తర్వాత చూస్తే చుక్కలు ఎదురెదురుగా లేవు. అదురుకు స్క్రూలు వదులవుతున్నాయి. ఆయన ఒక నూలు పోగుకు మైనం రాసి స్క్రూ మరల్లో చుట్టి బిగించాడు. ఇక చుక్కలు కదల్లేదు.

జాతర మొదటిరోజు పొద్దున్నే జమేదారు వచ్చాడు.

"ఎవల్దిరా గీ తుపాకి?"

"నాదే సార్," అన్నాడు మా ఆయన.

ఛర్రా లేకుండా ఎక్కుపెట్టి, గొట్టం ఆకాశం దిక్కు పెట్టి, మడమను బండమీద దంచాడు. ఒకటి. రెండు. మూడు. నా కాళ్లకింద నేల కూడా దంచినట్టయింది. పేలలేదు. నమ్మకం లేక ఇంకోటి గట్టిగా దంచాడు. పేలలేదు. అప్పుడు ఛర్రా అడిగి పెట్టుకుని బుగ్గల దిక్కు గురిచూశాడు. ఒక కన్ను మూసి, ఇంకా భుజం సర్దుకుంటుండగానే ఎర్రబుగ్గ పగిలింది.

"అగో! నేనింక ఒత్తనే లే!"

"ఒత్తిన్రు సారూ. మీకు తెల్వలే, గంతే," అన్నాను.

జమేదారు నా దిక్కు తిరిగాడు. "ఎవడు సరిజేసిండు గీ ట్రిగ్గర్‌ను?"

"మా ఇంటామె సార్," అన్నాడు మా ఆయన.

"మజాక్ జేస్తున్నవా?" అంటూనే తిలకం చుక్కలను బొటనవేలితో తడిమి చూశాడు. ఇంకో ఛర్రా అడిగి, ఇంకో బుగ్గ పగలగొట్టి, తుపాకీని బల్లమీద చంటిపిల్లను దించినట్టు దించాడు. "పెట్టుకోన్రి. గీ జాగ మీదే," అని పోయాడు.

అప్పటికి ఇంకా జనం రాలేదు. మా ఆయన తుపాకీ తీసుకుని ఎడమ భుజానికి ఆనించాడు. ఎడమచేతి వేలితో ఆయన దాన్ని పేల్చడం అదే మొదలు. పచ్చబుగ్గ పగిలింది. ఆయన బుగ్గ దిక్కు చూడలేదు, తుపాకీ వంకే చూస్తున్నాడు.

"ఎట్ల పోయిందో తెలుస్తలేదేందే?"

"నాకు గూడ తెల్వది," అన్నాను. మూడురోజులు దాన్ని విప్పీ బిగించీ, లోపల టార్చి వేసి చూసినదాన్నే, అయినా నిజంగానే తెలియదు.

ఆయన ఇంకో ఛర్రా కోసం చెయ్యి చాపాడు. "గీ జాతరైనంక చెన్నూరు దిక్కు జాతర ఎప్పుడైతదో ఎవలనన్న అడగాలె," అన్నాడు.