మల్లేశం గారి స్టీలు డబ్బా

మొన్న నాచారంలో ఒక కిరాణా షాపాయన బ్యాంకు నుంచి తెచ్చిన చిల్లర ప్యాకెట్టును చింపి గల్లాలోకి కుమ్మరించాడు. కొత్త బిళ్ళల ఆ గలగల చెవిన పడగానే సరుకులు తీసుకోబోతున్న నా చేయి ఆగిపోయింది. మల్లేశం గారు పోయి చాలా రోజులైంది. ఆయన ఇంట్లో నేను కొయ్యబారిపోయిన ఆ సాయంత్రం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు.

నాచారంలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో ఆయన నా పై అధికారి. తెనాలి నుంచి వచ్చి చేరిన కొత్తలో నేను లేబుళ్ళు సరిచూడడంలో తొందరపడేదాన్ని. ఆయన తిట్టలేదు. భోజనాల బల్ల మీద ఒక బిళ్ళ పెట్టారు.

“ఏమున్నది బిడ్డా?”

“ఐదు రూపాయలండీ.”

“గది అందరికెరుకే. జర మంచిగ సూడు.”

వంగి చూస్తే, సంవత్సరం కింద చిన్న నక్షత్రం. “మన హైదరాబాద్ టంకశాల గుర్తు. గీ పక్కనే, చర్లపల్లిల కొట్టిన్రు,” అన్నారు సంబరంగా. లేబులు మీద చూపు నిలపడం నాకు అలా అలవాటైంది.

శనివారాలు ఉప్పల్‌లో బ్యాంకుకు వెళ్ళి చిల్లర ప్యాకెట్లు తెచ్చుకునేవారు. ఒక్కొక్క బిళ్ళనీ తిప్పి చూసి, అరుదైనవి దాచుకుని, మిగతావి షాపులవాళ్ళకిచ్చేసేవారు. అచ్చు పక్కకు జరిగి, ఒక అంచు నెలవంకలా ఖాళీగా మిగిలిన రెండు రూపాయల బిళ్ళ దొరికిన రోజు యూనిట్ అంతా తిరిగి చూపించారు. అంబర్‌పేట నుంచి ఒకాయన కొంటానని వస్తే, చాయ్ తాగించి పంపేశారు. అలాంటివన్నీ ఒక స్టీలు డబ్బాలో, కాగితం పొట్లాల్లో ఉండేవి.

ఒకరోజు పనిలోనే ఆయన గుండె పట్టుకుని కూలబడ్డారు. దవాఖానాకు తీసుకెళ్ళాం. వెంటనే ఆపరేషన్ అన్నారు. ఆయన భార్య అండాలమ్మ బయట బెంచీ మీద రాయిలా కూర్చుంది. కన్నీటి చుక్క లేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

ఆయన బతికి ఇంటికొచ్చారు. కొన్నాళ్ళకు చిల్కానగర్‌లో వాళ్ళింటికి పళ్ళు పట్టుకుని వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని నన్ను చూసి నవ్వారు.

“అండాలూ, నా డబ్బా తే. పండి పండి పిచ్చి లేస్తున్నది.”

ఆమె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. మూత తీశారు. లోపల ఏమీ లేదు. నమ్మలేనట్టు వేళ్ళతో అడుగంతా తడిమారు.

“ఏవీ?”

“గుట్ట మీది సామికి మొక్కుకున్న. నువ్వు బతికొస్తే, నీకు పానం లెక్క ఉన్నయి హుండీల ఏస్తనన్న. పోయి ఏసొచ్చిన.”

“అన్నీనా?”

“అన్నీ.”

“నెలవంక బిళ్ళ?”

“గది గూడ.”

ఆ బిళ్ళలన్నీ ఈపాటికి హుండీలోంచి ఏ బ్యాంకుకో చేరి, ఏ ఊరి చిల్లరలోనో కలిసిపోయి ఉంటాయి. ఇక వెతికినా దొరకవు. ఆయన ముఖం పాలిపోయింది. డబ్బా విసిరేశారు. అది గోడకు కొట్టుకుని నా కాళ్ళ దగ్గర పడింది. ఆయన గొంతు పెంచగా నేను విన్నది అదే మొదటిసారి.

“నన్నొక్క మాట అడుగకపోతివి!”

అండాలమ్మ కదల్లేదు. “అడుగుదామంటే నువ్వు లేస్తవో లేవవో ఎవలికెరుక?”

ఆయన గుండె మళ్ళీ ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం. ఆయన చాలాసేపు ఆమెనే చూశారు.

“మస్తు బుగులైందా నీకు?”

భయపడ్డావా అని అడుగుతున్నారు! నా చెవులను నేనే నమ్మలేకపోయాను. దవాఖానాలో కన్నీరు పెట్టని మనిషి అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన మంచం మీద కొంచెం జరిగి, “గిట్ల కూసో,” అన్నారు. నేను చెప్పకుండానే బయటికొచ్చేశాను.

ఆయనకు బాధ లేదని కాదు. చాలా రోజులు బ్యాంకు గడప తొక్కలేదు. ఆ బిళ్ళ మాటెత్తితే ముఖం తిప్పుకునేవారు. తరువాత మళ్ళీ ప్యాకెట్లు తెచ్చుకున్నారు గానీ, అలాంటిది ఇంకొకటి దొరకనేలేదు. అండాలమ్మను మాత్రం ఒక్క మాట అనగా నేను వినలేదు.

పోయిన ఏడాది మా అమ్మాయి నాకు చెప్పకుండా కాలేజీ మానేసిందని తెలిసింది. ఎన్ని తిట్లు నోటిదాకా వచ్చాయో! తలుపు దగ్గర చున్నీ అంచు నలుపుతూ నిలబడ్డ పిల్లను చూశాను.

“ఎందుకమ్మా, ఏం చూసి భయపడ్డావు?” అన్నాను.

అది గబుక్కున వచ్చి నన్ను పట్టుకుంది. కాలేజీ సంగతి మర్నాడు మాట్లాడుకున్నాం.