డీలియా మూసిన కంత

బరెన్ కొండమీద మా రాతిగోడలకు గేట్లు ఉండవు. పశువులను తోలాలంటే ఒకచోట రాళ్లు దించి కంత చేస్తాం, అవి దాటాక మళ్లీ పేర్చేస్తాం. ఎవరు పేర్చారో రాళ్లను చూస్తేనే మాకు తెలిసిపోతుంది. మా పక్కింటి మాలకీ గోడలోని కంతను ఏప్రిల్‌లో అతని భార్య డీలియా మూసింది. జూన్‌లో ఆమె చనిపోయింది. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవే. ఇప్పుడు రేడియో ఒక్కటే మాట్లాడుతోంది.

నవంబర్ వచ్చింది. ఎప్పుడో మంచుయుగంలో మంచు పలకలు గీకి వదిలేసిన మా సున్నపురాయి ఎండాకాలపు వేడిని దాచుకుంటుంది. అందుకే మేం చలికాలంలోనే పశువులను కొండెక్కిస్తాం. అందరి ఆవులూ ఎక్కాయి. మాలకీవి పద్నాలుగూ కింద బురదలోనే నిలబడ్డాయి. కొండమీది మొక్కల రక్షణ చూసే ఉద్యోగి అమ్మాయి వచ్చి, "పశువులు మేయకపోతే గడ్డి ముదిరి పూలమొక్కలు చస్తాయండీ" అని రెండుసార్లు చెప్పిపోయింది. మాలకీ తలూపాడు, అంతే. నాకు ఒళ్లు మండింది. పక్కింటిదాన్ని, నేను అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

"ఏమయ్యా, ఆవులకు ఈత నేర్పిస్తున్నావా ఆ బురదలో?"

"వానలు తగ్గనీ, బ్రీజీ."

"ఇక్కడ వానలు తగ్గడం ఎప్పుడైనా చూశావా నువ్వు?"

నవ్వలేదు. కొండమీది గోడకేసి చూస్తూ, "ఆ కంత డీలియా తన చేత్తో మూసింది. తీశానంటే ఇంకేం మిగల్దు" అన్నాడు.

ఆ వారమే ముసలి ఆవు ఒకటి బురదలో కూలబడింది. ఇద్దరం కలిసి లేపాం. దాని వణుకు చూశాక మాలకీ కొండకు నడిచాడు. ఒక్కో రాయీ దించి, ఏది ఎక్కడిదో తెలిసేలా గడ్డిమీద వరసగా పెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ వరస ఆవులకేం పట్టింది? దారి కనబడగానే తోసుకుంటూ వచ్చి, రాళ్లన్నీ చిందరవందర చేసి పైకి పోయాయి.

సాయంత్రం దాకా పేర్చాడు. రెండుసార్లు కూలింది. నేను చెయ్యి వేయబోతే వద్దన్నాడు. చివరికి గోడ ఎలాగో నిలబడింది, పొట్ట ముందుకు తోసుకుని.

"ఇలా పేరిస్తే తిట్టేది" అన్నాడు మాలకీ, గోడకేసి చూస్తూ. "పీకేసి మళ్లీ పేర్చేది. నలభై ఏళ్లలో నేను పేర్చింది ఒక్కటీ ఉంచలేదు."

పైన ఆవులు ఎప్పటివాళ్లో నిలిపిన సమాధి రాళ్లకు వీపులు గోక్కుంటున్నాయి.

"నువ్వైనా తిట్టు, బ్రీజీ."

నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ పూట ఒక్క తిట్టూ రాలేదు.